డబ్బు ముందా, సంతకం ముందా?

రిజిస్ట్రేషన్ రోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక చిన్న పెనుగులాట జరుగుతుంది. దస్తావేజు లేఖరి కాగితాలన్నీ సిద్ధం చేసి కూర్చుంటాడు. స్లాట్ టైమ్ దగ్గర పడుతుంటుంది. డీడీ చేతికి రానిదే వేలిముద్ర వెయ్యనంటాడు అమ్మేవాడు. వేలిముద్ర పడనిదే డీడీ ఇవ్వనంటాడు కొనేవాడు. చివరికి ఇద్దరికీ తెలిసిన ఏజెంటు ఆ డీడీ తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకుంటాడు. "నా దగ్గరుంది కదా, కానివ్వండి" అంటాడు. ఫొటోలు తీస్తారు, వేళ్లు స్కానర్ మీద పెడతారు, బయటికొచ్చాక జేబులోంచి డీడీ బయటికొస్తుంది. ఆ పావుగంట సేపు ఆ చొక్కా జేబే ఎస్క్రో, అంటే షరతు తీరేదాకా సొమ్ము కాసే మూడో చెయ్యి.

80 లక్షల ఆస్తికి ఒక చొక్కా జేబు సరిపోతుందా? సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఆ పని చెయ్యాల్సింది ప్రభుత్వమని కూడా. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు అమ్మేవాడి భయం చూడండి. దస్తావేజులో "ప్రతిఫలం మొత్తం ముట్టినది" అని రాసి ఉంటుంది. రిజిస్టర్ అయిపోయాక డబ్బు రాలేదనుకోండి, అప్పుడేమిటి? గుజరాత్‌లోని సూరత్ భూమి కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సుమారు 1 కోటీ 74 లక్షలకు 36 చెక్కులు తీసుకున్నట్టు దస్తావేజులో ఉంది. అందులో ఆరు చెక్కుల మీద 40 వేలు మాత్రమే ముట్టాయని, మిగతావి ఉత్తుత్తివని అమ్మినవాళ్ల వాదన. 2020 జూలైలో కోర్టు చెప్పిందేమిటంటే, డబ్బు బాకీ ఉన్నంత మాత్రాన రిజిస్టరైన అమ్మకం రద్దు కాదు, బాకీ కోసం విడిగా దావా వేసుకోవాలి. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కింద ఆ ఆస్తి మీద అమ్మినవాడికి చార్జి, అంటే బాకీ మేరకు దాని నుంచి రాబట్టుకునే హక్కు, ఉంటుంది, నిజమే. కానీ ఆ చార్జిని డబ్బుగా మార్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య.

కొనేవాడి పరిస్థితి ఇంకా పలుచన. అదే చట్టం 54వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ వల్ల ఆస్తి మీద హక్కు పుట్టదు. జీపీఏ (తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం) రాయించుకుని కొన్నామనుకునేవాళ్లకు 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ దారీ మూసేసింది: జీపీఏ అమ్మకం కాదని తేల్చింది. అంటే రిజిస్ట్రేషన్‌కు ముందు పూర్తి డబ్బు ఇచ్చినవాడి చేతిలో ఉండేది ఒక మాట, దాన్ని నిలబెట్టుకోడానికి కోర్టుకెక్కే హక్కు, మహా అయితే ఇచ్చిన డబ్బు మేరకు ఆ ఆస్తి మీద చార్జి. అంతే.

కాబట్టి ఇద్దరూ మొండికెయ్యడంలో తప్పేం లేదు. ఇద్దరిలో ఎవరు ముందు అడుగు వేసినా వాళ్లకే నష్టం. ఆ ముడి విప్పడానికి పుట్టిందే ఎస్క్రో. పాత ఫ్రెంచిలో తోలుకాగితం ముక్కను 'ఎస్క్రో' లాంటి మాటతోనే పిలిచేవారు. ఇంగ్లీషు చట్టంలో ఆ మాటకు మొదటి అర్థం డబ్బు కాదు, దస్తావేజు. సంతకం పెట్టిన దస్తావేజును మూడో మనిషికి అప్పగిస్తారు. అవతలివాడు షరతు తీర్చేదాకా దానికి ప్రాణం రాదు, తీర్చిన రోజు అతని చేతికి వెళుతుంది. డబ్బును అలా ఉంచడం తర్వాత వచ్చిన అలవాటు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. పొలం తగాదా తేలేదాకా సొమ్ము పెద్దమనిషి దగ్గర ఉంచడం, పందెం డబ్బు మధ్యవర్తికి అప్పగించడం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆయన హఠాత్తుగా పోతే బీరువాలోని సొమ్ము ఎవరిదో ఆయన పిల్లలకు తెలియదు. ఆయనకే అప్పులుంటే ఆ అప్పులవాళ్లకు ఇది ఆయన సొత్తులాగే కనిపిస్తుంది. ఎస్క్రో ఒప్పందం చేసే పని ఈ రెండు కంతలూ పూడ్చడం. ఈ డబ్బు మధ్యవర్తిది కాదని, అతని బాకీల కింద జమ కట్టుకోడానికి లేదని, ఏ కాగితం వస్తే ఎవరికి ఇవ్వాలో ముందే రాసిపెడతారు.

చాలామంది ఎస్క్రో అంటే ఒక రకం బ్యాంకు ఖాతా అనుకుంటారు. ఖాతా పాత్ర తక్కువ. అసలు బలమంతా షరతులో ఉంది. అందుకే ఎవరైనా "డబ్బు ఎస్క్రోలో ఉంటుందండీ, మీకేం భయం లేదు" అంటే నేను అడగమనేవి మూడు: ఖాతా ఎవరి పేర ఉంది? ఎవరి సంతకం మీద డబ్బు కదులుతుంది? పని జరక్కపోతే ఏ తేదీకి వెనక్కొస్తుంది? మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే అది ఎస్క్రో కాదు.

ఒక సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ లెక్క వేసి చూద్దాం. ధర 80 లక్షలు. అమ్మేవాడికి ఇంకా 22 లక్షల హోమ్‌లోన్ ఉంది, ఒరిజినల్ దస్తావేజులు అతని బ్యాంకులో ఉన్నాయి. కొనేవాడికి 55 లక్షల లోన్ మంజూరైంది, మిగతా 25 సొంతం. ధర 50 లక్షలు గానీ ఆపైన గానీ ఉంది కాబట్టి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను), అంటే 80 వేలు, కొనేవాడు పట్టుకుని కట్టాలి. సొంత డబ్బులో మిగిలింది 24 లక్షల 20 వేలు. చిక్కేమిటంటే ఒరిజినల్స్ చూడందే కొనేవాడి బ్యాంకు చెక్కు ఇవ్వదు, 22 లక్షలు కట్టందే అమ్మేవాడి బ్యాంకు ఒరిజినల్స్ ఇవ్వదు.

మామూలుగా అయితే ఆ 22 లక్షలు బయానా పేరుతో అమ్మేవాడి ఖాతాలో వేస్తారు. అక్కడే కొంప మునిగేది. ఆ డబ్బు లోన్‌కు వెళ్లకుండా వేరే బాకీకి వెళ్లవచ్చు. ఎస్క్రో ఉంటే 24 లక్షల 20 వేలు అందులో పడతాయి. అమ్మేవాడి బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పిస్తారు. దాంట్లో అసలు, ఏ తేదీ వరకు చెల్లుతుంది, తేదీ దాటితే రోజుకు ఎంత వడ్డీ అన్నవి ఉంటాయి. ఎస్క్రో ఏజెంటు ఆ లెటర్ చూసి 22 లక్షలు నేరుగా ఆ లోన్ ఖాతాకే పంపుతాడు, అమ్మేవాడి సేవింగ్స్ ఖాతాకు కాదు. లోన్ తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కస్టమర్‌కు చెల్లించాలని 2023 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది, అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమలు. ఆ ఒరిజినల్స్ అమ్మేవాడి ఇంటికి కాకుండా, అతని అధికార పత్రంతో ఎస్క్రో ఏజెంటుకు చేరాలి. టైటిల్ డీడ్స్ డిపాజిట్ (ఒరిజినల్స్ బ్యాంకులో తాకట్టు పెట్టిన పత్రం) రిజిస్టరై ఉంటే దాని రిలీజ్ కూడా రిజిస్టర్ చేయించాలి. లేకపోతే బాకీ తీరినా ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తనఖా అలాగే కనిపిస్తుంది, కొనేవాడి బ్యాంకు లీగల్ వకీలు అక్కడ ఆపేస్తాడు. రిజిస్ట్రేషన్ రోజు 55 లక్షల బ్యాంకు చెక్కు అందుతుంది. ఎస్క్రోలో మిగిలిన 2 లక్షల 20 వేలు తాళాలు, మెయింటెనెన్స్ బాకీ లేదన్న అసోసియేషన్ లెటర్, కరెంటు బిల్లు, ఆస్తిపన్ను రసీదు వచ్చాక అమ్మేవాడికి వెళతాయి. చిన్న మొత్తమే అయినా ఈ చివరి ముక్కను అట్టే పెట్టడం చాలా ముఖ్యం. తాళాలు చేతికొచ్చాక మెయింటెనెన్స్ బాకీ గురించి అమ్మినవాడికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు తక్కువ.

ఇందులోనూ ఒక కంత ఉంది, దాచను. 22 లక్షలు వెళ్లాక, రిజిస్ట్రేషన్‌కు ముందు, అమ్మేవాడు అడ్డం తిరగవచ్చు. ఇంగ్లండు పాత పద్ధతిలో అయితే సంతకమైన దస్తావేజు అప్పటికే మూడో మనిషి దగ్గర ఉండేది. మన దగ్గర అది పూర్తిగా నడవదు. రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సంతకమైన 4 నెలల్లో దస్తావేజు దాఖలు కావాలి. తగిన కారణం చూపితే ఇంకో 4 నెలల వరకు జరిమానాతో అనుమతిస్తారు, ఆ జరిమానా రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల దాకా ఉండవచ్చు. పైగా రాసిచ్చిన మనిషో, అతని తరఫున అధికారం ఉన్న మనిషో ఆఫీసుకొచ్చి "నేనే రాసిచ్చాను" అని ఒప్పుకోవాలి. అందుకని ఒరిజినల్స్ ఎస్క్రోకు రావడం, అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఈసీలో కనిపించడం, ఈ రెండూ జతగా ఉండాలి. అప్పుడు అమ్మేవాడు అడ్డం తిరిగినా ఆ ఫ్లాట్‌ను ఇంకొకరికి అంటగట్టడం కష్టం.

అమ్మేవాడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఎన్నారై అయితే టీడీఎస్ 1 శాతం కాదు, బాగా ఎక్కువ. తగ్గింపు సర్టిఫికెట్ తెచ్చుకోడానికి వారాలు పడుతుంది. రెసిడెంటే అనుకుని 1 శాతం పట్టి ఊరుకుంటే ఆ తేడా కొనేవాడి మెడకే చుట్టుకుంటుంది. ఆ సర్టిఫికెట్ రావడాన్ని కూడా ఎస్క్రో షరతుల్లో ఒకటిగా రాసుకోవాలి.

ఇక కొత్త ఫ్లాట్లు. బ్రోచర్లలో "రెరా ఎస్క్రో ఖాతా" అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఇక్కడ జనం మోసపోతున్నారని నా బాధ. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ఆ ఖాతాను 'ప్రత్యేక ఖాతా' అన్నారు. కొనేవాళ్ల దగ్గర వసూలైన దానిలో 70 శాతం షెడ్యూల్డ్ బ్యాంకులో విడిగా ఉంచాలి, భూమి ఖర్చుకీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి, పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరించాక ఆ మేరకే తియ్యాలి. మంచి నిబంధనే. కానీ నా మూడు ప్రశ్నలూ దీన్ని అడిగి చూడండి. ఖాతా ప్రమోటర్ (బిల్డర్) పేరునే ఉంటుంది. డబ్బు తీసేదీ అతనే, ధ్రువీకరించే ముగ్గురికీ ఫీజు ఇచ్చేదీ అతనే. కొనేవాడి సంతకం ఎక్కడా అక్కర్లేదు. వెనక్కొచ్చే తేదీ ఖాతాకు ఉండదు. ఫ్లాటు సమయానికి ఇవ్వకపోతే 18వ సెక్షన్ కింద వడ్డీతో వాపసు అడిగే హక్కుంది కానీ అది కంపెనీ మీద హక్కు, ఆ ఖాతాలోని రూపాయల మీద కాదు.

భూమి ఖరీదు అందులో చేర్చడం వల్ల జరిగేది ఇంకా గట్టిగా చెప్పాలి. ప్రాజెక్టు అంచనా ఖర్చు 100 కోట్లు అనుకోండి. అందులో భూమి 40, నిర్మాణం 60. భూమి ఎప్పుడో కొనేశారు, పునాదులకు 6 కోట్లు ఖర్చయ్యాయి. అంటే 46 కోట్లు ఖర్చయినట్టే, 46 శాతం పూర్తయినట్టే లెక్క. కొనేవాళ్ల నుంచి అప్పటికి 30 కోట్లు వచ్చాయి, అందులో 70 శాతం 21 కోట్లు ఆ ఖాతాలో ఉన్నాయి. అర్హత 46 కోట్లు కాబట్టి ఆ 21 మొత్తం తీసేసుకోవచ్చు. కట్టడం పదో వంతే అయింది, ఖాతా ఖాళీ. ఎవరూ చట్టం మీరలేదు. నగరాల్లో భూమి ఖరీదు ఎంత ఎక్కువైతే ఈ కంత అంత పెద్దది. అందుకే సైట్‌కు వెళ్లినప్పుడు "ఖాతాలో 70 శాతం పెడుతున్నారా" అని అడగడం కంటే, రెరా వెబ్‌సైట్‌లో పెట్టే త్రైమాసిక వివరాల్లో ఎన్ని శ్లాబులు పడ్డాయో చూసి, కళ్లెదుట కనిపించే శ్లాబులతో పోల్చడం మేలు.

మహారాష్ట్ర రెరా 2024 జూలై 1 నుంచి ఒక అడుగు ముందుకేసింది. ప్రతి ప్రాజెక్టుకూ ఒకే బ్యాంకులో మూడు ఖాతాలు: వచ్చిన ప్రతి రూపాయీ మొదటి దాంట్లో పడాలి, అక్కణ్ణుంచి 70 శాతం రెండో దానికి, 30 శాతం మించకుండా మూడో దానికి దానంతటదే వెళ్లాలి. ఈ ఏర్పాటులో "ఆ చెక్కు వేరే ఖాతాలో వేశాం" అన్న మాటకు తావు తక్కువ. ఇది కూడా పూర్తి ఎస్క్రో కాదు, కానీ దారి అటువైపే.

ప్రీలాంచ్‌కు ఇదేదీ వర్తించదు, ఎందుకంటే అక్కడ ఖాతానే లేదు. "మొత్తం ఒకేసారి కట్టండి, సగం రేటుకే ఇస్తాం, యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) రిజిస్టర్ చేస్తాం" అనే బేరంలో రెరా నంబరు ఉండదు. 500 చదరపు మీటర్ల స్థలం గానీ 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చెయ్యకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ అయిన ప్రాజెక్టులోనైనా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు, అది 13వ సెక్షన్. మీ చెక్కు మీద రాసే ఖాతా నంబరు, రెరా పేజీలో ఉన్న ఖాతా నంబరు అంకె అంకె సరిపోవాలి. సరిపోకపోతే చెక్కు మడిచి జేబులో పెట్టుకుని వచ్చెయ్యండి.

ఎస్క్రో అన్న మాట ఎంత దూరం మోసం చెయ్యగలదో చూపించే ఉదాహరణ జర్మనీలో ఉంది. వైర్‌కార్డ్ కంపెనీ 1.9 బిలియన్ యూరోలు ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఎస్క్రో ఖాతాల్లో ఉన్నాయని చెప్పుకుంది. ఆస్తుల్లో సుమారు నాలుగో వంతు అది. 2020 జూన్‌లో ఆడిటర్లు లెక్కల మీద సంతకం పెట్టబోమన్నారు. ఆ రెండు బ్యాంకులూ ఆ కంపెనీ మా కస్టమరే కాదు, కాగితాలు నకిలీవని చెప్పాయి. వారం తిరిగేసరికి, జూన్ 25న, దివాలా దాఖలైంది. తెలుగువాళ్లకు ఇది వినగానే సత్యం కంప్యూటర్స్ గుర్తొస్తుంది. దాని ఛైర్మన్ 2009 జనవరి 7 ఉత్తరంలో ఒప్పుకున్న, లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు. రెండు చోట్లా తప్పు ఒకటే: బ్యాలెన్స్ ఎంతుందో డబ్బు దాచామన్నవాళ్లు తెచ్చిన కాగితం చూసి నమ్మడం. చిన్న లావాదేవీలోనూ ఇదే సూత్రం. ఎస్క్రో లెటర్ వాట్సాప్‌లో వస్తే చాలదు, బ్రాంచికి మీరే వెళ్లండి, లేదా బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చెయ్యండి, లెటర్‌లో ఉన్న నంబరుకు కాదు. సెకండ్ హ్యాండ్ కారుకో వెబ్‌సైట్ పేరుకో బేరం కుదిరాక అవతలివాడే ఫలానా ఎస్క్రో సైట్‌లో డబ్బు వెయ్యమంటే అది దాదాపు ఎప్పుడూ వాడు పెట్టిన సైటే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టమవుతుంది.

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లకు ఈ మాట ఇంకో రకంగా తెలుసు. అక్కడ మార్ట్‌గేజ్‌తో పాటు నెలనెలా ఎస్క్రోకు కట్టేది ఇంటిపన్నుకూ ఇన్సూరెన్సుకూ. లెండర్ ఏడాది ఖర్చులో ఆరో వంతు, అంటే రెండు నెలల మొత్తం వరకే అదనంగా ఉంచుకోవచ్చు. ఏటా లెక్క చూసి 50 డాలర్లు గానీ అంతకు మించి గానీ మిగిలితే, వాయిదాలు సక్రమంగా కట్టినవాళ్లకు తిరిగివ్వాలి. టెక్సాస్‌లో కొత్త ఇల్లు కొన్నవాళ్లకు రెండో ఏడు షాక్ తగిలేది ఇక్కడే. మొదటి ఏడు పన్ను ఖాళీ స్థలానికో సగం కట్టిన ఇంటికో పడుతుంది, ఎస్క్రో దాని ప్రకారం లెక్క కడతారు. మరుసటి ఏడు పూర్తి ఇంటికి పన్ను రాగానే పాత కొరత, కొత్త పెంపు రెండూ ఒకేసారి వాయిదాలో కలుస్తాయి. మొదటి ఏడే పూర్తి విలువ మీద పన్ను అంచనా వేసుకుని ఆ తేడా పక్కన పెట్టుకోవాలి.

కంపెనీల ప్రపంచంలో ఎస్క్రో ఎప్పుడో తప్పనిసరి అయింది. లిస్టెడ్ కంపెనీకి ఓపెన్ ఆఫర్ (మీ షేర్లు కొంటానని వాటాదారులందరికీ చేసే ప్రతిపాదన) ఇచ్చేవాడు మొదటి 500 కోట్లకు 25 శాతం, ఆపైన 10 శాతం ఎస్క్రోలో ఉంచాలని సెబీ రూలు. మీ మొబైల్ వాలెట్‌లో ఉన్న బ్యాలెన్సుకు సరిపడా సొమ్ము కూడా బ్యాంకు ఎస్క్రోలో ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు రూలు. వాలెట్‌లో 300 రూపాయలకు ఉన్న కాపలా, జీవితకాలం కూడబెట్టి కొనే ఇంటికి లేదు.

అందుకే అడుగుతున్నాను. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి సుమారు 7.5 శాతం. 80 లక్షలకు 6 లక్షలు. అంత తీసుకుని ప్రభుత్వం ఆ డబ్బు మార్పిడిని ఒక్క రోజు కూడా కాయదు. స్లాట్ బుక్ చేసినప్పుడే చలాన్‌తో పాటు మిగిలిన ధర ఒక ఎస్క్రోలో వెయ్యించి, దస్తావేజు నంబరు పడిన క్షణంలో అమ్మేవాడి ఖాతాకూ అతని లోన్ ఖాతాకూ విడివిడిగా పంపడం సాంకేతికంగా పెద్ద పనేం కాదు. రిజిస్ట్రేషన్ ఆగిపోతే మరుసటి పనిరోజు కొనేవాడికి వెనక్కి. చిన్న లావాదేవీల మీద బ్యాంకులకు ఆసక్తి లేదు, ఫీజు గిట్టుబాటు కాదంటాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు ఆ ఇబ్బంది లేదు.

అది వచ్చేదాకా సొంతంగా ఎస్క్రో రాయించుకునేవాళ్లకు, ఎక్కువగా తెగేది ఎక్కడో చెబుతాను. "పని సంతృప్తికరంగా పూర్తయ్యాక" అని రాస్తే బ్యాంకు కదలదు, ఎందుకంటే బ్యాంకు కాగితమే చూస్తుంది, ఇల్లు చూడదు. కాబట్టి షరతు ప్రతిదీ ఒక ఫలానా కాగితం కావాలి: ఫలానా తేదీ తర్వాతి ఈసీ, ఫలానా సర్టిఫికెట్, ఫలానా రసీదు. "ఇద్దరి సంతకాల మీదే విడుదల" అని ఒక్క మాటే రాస్తే, అలిగినవాడు సంతకం పెట్టడు, డబ్బు ఏళ్లు ఇరుక్కుంటుంది. ఇద్దరి సంతకం, లేదా కోర్టు ఉత్తర్వు, లేదా మధ్యవర్తిత్వ తీర్పు అని మూడు దారులూ రాయండి. ఇద్దరూ డబ్బు నాదంటే ఎస్క్రో ఏజెంటు సివిల్ ప్రొసీజర్ కోడ్ 88వ సెక్షన్ కింద ఇంటర్‌ప్లీడర్ దావా (సొమ్ము ఎవరిదో కోర్టే తేల్చమనే దావా) వేసి సొమ్ము కోర్టులో జమ చేసి తప్పుకోవచ్చు, ఆ వెసులుబాటు కూడా అతనికి రాసివ్వండి. వడ్డీ ఎవరిదో రాయండి. కరెంట్ ఖాతాలో ఉంచితే వడ్డీ రాదు, నెలకు మించి ఆగే సొమ్మైతే ఎఫ్‌డీకి మళ్లించమని అడగండి. చివరగా ఒక తేదీ, పూర్తి తేదీ: ఆ రోజు సాయంత్రం బ్యాంకు మూసేలోగా షరతు తీరకపోతే ఎవరి సంతకమూ అడక్కుండా డబ్బు వేసినవాడి ఖాతాకే తిరిగి వెళ్లాలని. ఆ ఒక్క వాక్యం డ్రాఫ్టులో లేకపోతే, రాయించేదాకా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.